ముసురు దినం ఆట

పోయిన చలికాలం మా వీధి ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి కలిసి హిమాచల్ యాత్రకు వెళ్ళాం. వంటమనిషిని కూడా బళ్ళారి నుంచే వెంటబెట్టుకుపోయాం. మావాళ్ళకు దేవుడి దర్శనం తప్పినా ఫరవాలేదు గానీ పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తప్పకూడదు. మూడోరోజు తెల్లవారి తలుపు తీస్తే బయటంతా మంచు. దారులు మూసుకుపోయాయి, బస్సు కదలదు అన్నారు. మావాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. మేం దిగిన ఆ ఇంటివాళ్ళు మాత్రం పండగొచ్చినట్టు ఉన్నారు. ముసలావిడ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తోంది. కొడుకులు, కోడళ్ళు, మనవలు ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని క్యారమ్ ఆడుకుంటున్నారు. "ఇవాళ ఎవరూ ఎక్కడికీ పోరు" అంది ముసలావిడ, నా అరకొర హిందీకి అర్థమైనంత వరకు. అని, కొడుకుల వైపు ఓసారి చూసి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది.

నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. పక్కావిడ చలికేమో అనుకుని శాలువా కప్పింది. చలికి కాదు. నాకు మా అత్త గుర్తుకొచ్చింది.

మా అత్త పోయి ఆరేళ్ళయింది. ఎవరినీ కష్టపెట్టకుండా, ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేవలేదు. అప్పుడు కూడా నేను ఇంతగా ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కాఫీలు, వెళ్ళేవాళ్ళకు ఆటోలు చూసుకోవడంతోనే సరిపోయింది. ఆ ఏడుపు ఇన్నాళ్ళు దాగి దాగి, తీరా కొండల్లో తెలియని వాళ్ళింట్లో బయటపడింది.

నేను పుట్టింది సిరుగుప్ప వైపు, కాలువ కింద క్యాంపులో. మా తాతలు కోస్తా నుంచి వచ్చి వరి సాగు చేసుకుంటూ స్థిరపడ్డవాళ్ళు. మా నాన్న వడ్లు మా ఆయన లారీలో వెళ్ళేవి. అలా కుదిరింది సంబంధం. పెళ్ళయి సంగనకల్లు వచ్చిన మొదటిరోజు, మా అమ్మ నేర్పి పంపినట్టు వినయంగా "అత్తయ్యగారండీ" అని పిలిచాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నా ఎనక ఎవరన్నా నిలబడిండారా?" అంది.

"లేదండీ, మిమ్మల్నే."

"నన్నా? అత్తా అను, సాలు. గారూ గీరూ తాలూకాఫీసులో పెట్టుకో. ఈడ పొయ్యి మీద పాలు పొంగిపోతాండాయి."

అప్పట్నించి ఆమె నాకు అత్త, నేను ఆమెకు క్యాంపమ్మ. నాకు తల్లిదండ్రులు పెట్టిన మంచి పేరే ఉంది. ఆ ఇంట్లో దాన్ని వాడినవాళ్ళు లేరు.

అత్త చూడటానికి సన్నగా, పొడుగ్గా, నడుస్తుంటే ఎవరో తరుముతున్నట్టు ఉండేది. కడిగిన కంచాన్ని కూడా కొంగుతో ఓసారి తుడిస్తే గానీ అన్నం పెట్టుకునేది కాదు. అది చాదస్తం అనుకున్నాను. వారం గడిచేసరికి నేనూ తుడవడం మొదలుపెట్టాను. అవి ఎర్రరాయి రోజులు. ఇనుము కోసం సండూరు కొండలు తవ్వి, ఆ రాయిని పగలనక రేయనక లారీల్లో తోలేవాళ్ళు. మా ఇంటి ముందు రోడ్డు మీద వరసకట్టి పోయే లారీలతో ఎర్రదుమ్ము లేచి కంచాల మీద, కుంకుడుకాయల డబ్బా మీద, తెల్లావు వీపు మీద, అన్నింటి మీదా పరుచుకునేది. అత్త పొద్దున్నే కిటికీ చెక్క మీద వేలు రాసి, ఎర్రబడ్డ ఆ వేలు కొడుక్కి చూపించేది.

"సూడప్పా, కొండను మొగానికి పూసుకుంటాండాము" అనేది. కొడుకు నవ్వేవాడు కాదు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో పొలమున్నవాడు లారీ కొన్నాడు. లారీ కొన్నవాడు నిద్ర అమ్ముకున్నాడు. మా ఆయనా అంతే. డ్రైవర్లు దొరక్క తనే తోలేవాడు. ఇంటికొస్తే కంటిరెప్పలు కూడా ఎర్రగా ఉండేవి. నిలబడే అన్నం తిని, ముద్ద నోట్లో ఉండగానే చెప్పులు వేసుకునేవాడు. (ఇప్పుడు ఆ లారీ లేదు. రాయి తోలడం ఆగిపోయాక అమ్మేసి బళ్ళారి కౌల్ బజారులో టైర్ల షాపు పెట్టాడు. మధ్యాహ్నం భోంచేశాక షట్టరు సగం దించి గంటసేపు పడుకుంటాడు. ఆ షట్టరు చప్పుడు నాకు సుప్రభాతంతో సమానం.)

"వెళ్ళొద్దని చెప్పండి అత్తా, మీరు చెబితే వింటారు" అని ఒకసారి బతిమాలాను.

ఆమె చెనిక్కాయలు ఒలుస్తోంది. మూడు ఒలిస్తే ఒకటి నోట్లో వేసుకోవడం ఆమె పద్ధతి. "మొగోనికి పోవద్దని చెప్పాకు, క్యాంపమ్మా. పోవద్దంటే రెండు చెప్పులూ ఒగ కాలికే ఏసుకోని ఉరుకుతాడు. కూసో అని చెప్పు. కూసో అంటే కూసుంటాడు" అంది.

ఎండ కాసే రోజుల్లో ఎంత కూసోమన్నా మా ఆయన కూర్చునేవాడు కాదు. దానికి ముసురు రావాలి.

బళ్ళారిలో మంచు పడుతుందా ఏమన్నా. మాకు ఎండే దిక్కు. కానీ ఏటా ఒకటి రెండుసార్లు, అక్కడెక్కడో సముద్రంలో తుఫాను పుడితే దాని తోక మా దాకా వచ్చి రెండు మూడు రోజులు ముసురు పట్టేది. తడిసిన రాయి లారీకెత్తరు. కొండదారి జారుతుంది. లారీలన్నీ రోడ్డు పక్కన బర్రెల్లా తడుస్తూ నిలబడేవి. అప్పుడు చూడాలి మా అత్తని. పెళ్ళికూతురి తల్లిలా ఇల్లంతా తిరిగేది.

ముసురు దినానికి ఆ ఇంట్లో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పొద్దున వెలిగించిన పొయ్యి సాయంత్రం దాకా ఆరకూడదు. అందరూ నడింట్లోనే ఉండాలి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం సజ్జరొట్టె, గుత్తివంకాయ. ఆ తర్వాత బారాకట్ట. మా క్యాంపులో దాన్నే అష్టాచెమ్మా అంటాం. నడింటి నేల బండ మీద ఇరవై అయిదు గడులు ఉలితో చెక్కించి ఉండేవి, అత్తగారి అత్తగారి కాలం నాటివట. గవ్వలకు బదులు ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతబిచ్చలు, అదే చింతపిక్కలు, నాలుగు. ఆటకు కూర్చున్నవాళ్ళు ఆట తేలేదాకా లేవకూడదు. సగంలో లేస్తే బయట కీడు ఎదురొస్తుందని అత్త శాసనం. మా ఆయన ఒకసారి సగంలో లేచిపోతే ఊరు దాటకముందే రెండు టైర్లు పేలాయట. ఆ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. లారీ తోలేవాళ్ళకు శకునాలంటే మహా భయం. నిమ్మకాయ కట్టనిదే బండి కదపరు. ఆ భయం మీదే ఆమె రాజ్యం నడిచేది.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆట రాదని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ ఆటలో ఎదుటివాళ్ళ కాయను ఒక్కటైనా చంపితే గానీ మన కాయ లోపలి గడుల్లోకి పోలేదు. చంపకపోతే బయటి గడుల్లో గానుగెద్దులా తిరుగుతూనే ఉండాలి. మా అత్త చంపేది కాదు. చంపే పందెం పడ్డా ఇంకో కాయ జరిపేది. "అయ్యో అత్తా, అటు చూడండి, చంపొచ్చు" అని నేను వేలుపెట్టి చూపిస్తే, "అగో, కండ్లు కనపడల్యా" అనేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆ కళ్ళే బాగా కనపడేవి. నేను మా క్యాంపులో అష్టాచెమ్మాకు పేరుపడ్డ దాన్ని. ఈమెతో ఆడటం నాకు నామోషీగా ఉండేది.

ఇక ఆ రోజు సంగతి.

అప్పటికి నా కాపురానికి ఎనిమిదేళ్ళు. మా పాపకు ఆరేళ్ళు. మా ఆయనకు కంటి మీద కునుకు లేక మూడు రాత్రులయింది. అంతకు వారం ముందే లారీ రోడ్డు దిగి తుమ్మచెట్టుకు ఆనుకుని ఆగింది. కునుకు పట్టిందని ఒప్పుకోలేదు. బ్రేకు పట్టలేదన్నాడు. అత్త కొడుకు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, కళ్ళలోకి చూసి వదిలేసింది. నాకైతే ఆ చెట్టు కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆ చెట్టు అక్కడ లేకపోతే పక్కనే కాలువ.

ఆ పొద్దున ముసురు పట్టింది. నేను దేవుడి పటానికి దండం పెట్టుకున్నాను, ఇవాళ్టికి ఇంట్లో ఉంటాడు కదా అని. పది గంటలకు రాయి తోలించే కంట్రాక్టరు ఫోను చేశాడు. రేవులో ఓడ నిలబడి ఉంది, యార్డులో టార్పాలిన్ పట్టా కప్పిన రాయి పొడిగానే ఉంది, మధ్యాహ్నానికల్లా బండి పెట్టాలి అని. మా ఆయన "సరేన్నా, వస్తాండా" అన్నాడు.

వంటింట్లోకి పరుగెత్తాను. అత్త అప్పటికే విన్నది. అటక మీది డబ్బా దించి, గసగసాలు రెండు గుప్పెళ్ళు పెనం మీద పోసింది. పండగలకు ఒక్క గుప్పెడే వేసేది. అవి దోరగా వేగాక కాసిన్ని బియ్యం, కొబ్బరి కలిపి రోట్లో వేసి రుబ్బింది. మిక్సీ ఉండగా రోలెందుకంటే, "సుమ్నె ఉండు" అని కన్నడంలో కసిరి నోరు మూయించింది. బెల్లం, పాలు, యాలకులు పడ్డాక ఇల్లంతా వాసన. మా క్యాంపులో గసగసాలు మసాలాకే తెలుసు. బళ్ళారి వైపు వాటితో పాయసం కాస్తారు. కడుపునిండా తాగినవాణ్ణి సాయంత్రం దాకా లేపలేమని సామెతలా చెప్పుకుంటారు.

"తాగుతారా అత్తా? ఆయనకు తెలియదా ఏంటి గసగసాల సంగతి?"

"తెలుసు. వాసన ఇడిసిపెడ్తాదా?"

మా ఆయన చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు బజ్జీ తిన్నాడు. తర్వాత రొట్టె తిన్నాడు. పాయసం గిన్నె చూసి, "మా, అది వద్దు. బండి తోలల్ల" అన్నాడు.

"ఎవరు తాగమన్యారు? పాపకు చేసినా."

పాప ముందే నేర్పి పెట్టిన పిల్లలా గిన్నె తీసుకుని నాన్న పక్కనే కూర్చుని చప్పరించుకుంటూ తాగింది. ఆయన రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. తర్వాత గరిటెడు అన్నాడు. తర్వాత ఇంకో గరిటెడు. గిన్నె అడుగంటింది.

"ఇంగ కూసో. ఒగ ఆట" అంది అత్త, చింతబిచ్చలు బండ మీద గలగలలాడిస్తూ.

"పోవల్ల మా."

"ఎప్పుడు?"

"పన్నెండుకు."

"ఇంగా గంట ఉండాది. ఒగటే ఆట. ముసురు దినం ఆడకుండా పోతావా? నీ యిష్టమప్పా. నేనేం చెప్పను. టైర్లు కొత్తవే కదా."

ఆయన చప్పున కూర్చున్నాడు.

ముగ్గురం ఆడాం. అత్త పందేలు పాప వేసింది, చేతి చలవ మంచిదని. అరగంట గడిచింది, ముప్పావుగంట గడిచింది. అత్త కాయలు గుర్తు వేసిన గడుల్లో కదలకుండా కూర్చున్నాయి. వాటిని చంపటానికి లేదు. ఆమె ఎవర్నీ చంపదు. ఆయన నా కాయల వెంట పడ్డాడు, నేను దొరకలేదు. మా ఇద్దరి కాయలూ చుట్టూ తిరుగుతున్నాయి. ఆయన గోడ గడియారం చూస్తున్నాడు, ఆవలిస్తున్నాడు, మళ్ళీ గడియారం చూస్తున్నాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పాప చేతిలో రెండు పడి అత్త కాయ ఒకటి తప్పనిసరై బయటికి వచ్చింది. నాకు మూడు పడింది. ఎదురుగా లెక్కకు సరిగ్గా మూడో గడిలో అత్త కాయ. ఎందుకు ఆడుతున్నామో మరిచిపోయాను. క్యాంపు పౌరుషం తలకెక్కింది. "చచ్చింది!" అని అరిచి కాయ తీసి పక్కన పడేశాను. నా కాయలకు లోపలికి దారి తెరుచుకుంది. ఇంకో పది నిమిషాల్లో ఆట ఐపోతుంది. మా ఆయన మొహం వికసించింది. "బేగ ఏయ్, బేగ ఏయ్" అన్నాడు.

అత్త నా వైపు చూసిన చూపు ఉందే! ఆ చూపులో నాకు ఒక్కసారిగా అర్థమైంది, ఎనిమిదేళ్ళుగా ఈమె ఎందుకు ఎవర్నీ చంపలేదో. ముసురు పట్టిన ప్రతిసారీ ఆట తేలకుండా సాగదీయడమే ఆమె గెలుపు. ఆట రానిది నాకు.

ఆమె మాత్రం తొణకలేదు. కాయలన్నీ రెండు చేతులతో కలిపేసింది.

"ఏందిమా!" అన్నాడు ఆయన.

"కోడలు అత్త కాయను చంపితే ఆట మొదట్నించి ఆడల్ల."

"ఇదేం రూలు? నా పుట్టక నుంచి ఇనల్యా నేను!"

"నీ పెండ్లికి ముందు నీకు పెండ్లాం ఉండెనా? యాడ ఇంటావు? మా అత్త నాతో ఆడినప్పుడు ఇట్లే. అడుగు పో ఆమెని."

వాళ్ళత్త పోయి ముప్పై ఏళ్ళు దాటింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు కూర్చుంది ఆమె. మా ఆయన నన్ను చూశాడు. "అవునండీ, మా క్యాంపులో కూడా అంతే" అన్నాను నేను. దేవుడి పటం ఎదురుగానే అన్నాను. నా జన్మలో నేనాడిన అబద్ధాల్లో అంత హాయైనది ఇంకొకటి లేదు.

రెండో ఆట మొదలైంది. నేను కూడా కళ్ళు కనపడనిదాన్నైపోయాను. చంపే పందెం పడితే ఇంకో కాయ జరిపాను. అత్త ఓరగా చూసి మూతి తుడుచుకుంది, నవ్వు దాచుకోవడానికి. ఆయన గోడకు చేరగిలబడ్డాడు. తర్వాత మోచేతి మీదికి ఒరిగాడు. పందెం వేయాల్సినవాడు చింతబిచ్చలు గుప్పిట్లోనే పెట్టుకుని, ఎక్కడో చూస్తూ ఉండిపోయాడు. తల బండ మీదికి వాలింది.

పాప "నాన్నా, నీ పందెం" అనబోతే అత్త దాని నోరు మూసింది. ఆయన గుప్పిట మెల్లగా విప్పి బిచ్చలు తీసుకుని పాప చేతిలో పెట్టింది. నేను లేవబోయాను.

"కూసో" అంది గుసగుసగా. "ఏస్తానే ఉండండి. లారీ తోలేటోళ్ళు ఇంజను ఆగితే లేస్తారు. సప్పుడు ఆగగూడదు."

అలాగే వేస్తూ కూర్చున్నాం. బిచ్చలు గలగలమంటున్నాయి. బయట వాన సన్నగా కురుస్తోంది. ఆయన జుట్టులో ఎర్రదుమ్ము, మెడ మడతల్లో ఎర్రదుమ్ము. నిద్రలో మనిషి పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. అత్త కొడుకు పాదం మీద ఒక చెయ్యి వేసి పక్కనే నడుం వాల్చింది. కళ్ళు మూసుకుంది గానీ నిద్రపోలేదు. పాప వేసే ప్రతి పందేనికీ ఆమె వేళ్ళు కదులుతున్నాయి. ఈయన రోడ్డు మీద ఉన్న ఆ మూడు రాత్రులూ ఆమె కూడా మంచం మీద కూర్చునే ఉందని నాకు తెలుసు. మా ఇద్దరి మంచాల మధ్య గోడ ఒకటే. అటు ఆమె మేలుకుని ఉంటే ఇటు నేను.

పన్నెండున్నరకు ఫోను మోగింది. చొక్కా జేబులోంచి లాగి వంటింట్లోకి పరుగెత్తాను. ఆ కంట్రాక్టరుతో నేను ఎన్నడూ మాట్లాడలేదు. ఆ మనిషి ఇంటికి వస్తే తలుపు చాటు నుంచే కాఫీ పంపేదాన్ని.

"ఏమప్పా, బయల్దేరినావా?"

"ఆయన నిద్రపోతున్నారండీ."

"ఎవరమ్మా? లేపమ్మా, ఓడ నిలబడిండాది!"

"ఉండమనండి."

"ఏంది?"

"ఓడని ఉండమనండి. ఆయన మూడు రాత్రుల నుంచి నిద్రపోలేదు. లేపను."

"అరె, ఎప్పుడు లేస్తాడమ్మా మరి?"

"నిద్ర తీరాక లేస్తారండీ" అని ఫోను ఆపేసి, మళ్ళీ మోగకుండా బ్యాటరీ ఊడదీసి దాని ప్రాణం కూడా తీసేసి, బియ్యం డబ్బాలో పెట్టేశాను. కాసిని నీళ్ళు తాగి నడింట్లోకి వచ్చాను. పాప బుద్ధిగా ఒక్కతే మూడు వైపులా ఆడుకుంటోంది. ఆయన కదల్లేదు.

"ఎవరే?" అంది అత్త, కళ్ళు తెరవకుండా.

"కంట్రాక్టరు అత్తా. లేపమన్నాడు. లేపనన్నాను."

ఆమె ఒక కన్ను తెరిచింది. నన్ను కింద నుంచి పై దాకా, పెళ్ళిచూపుల్లో కూడా చూడనంత పరీక్షగా చూసింది.

"సరే, ఇంగ నేను పండుకుంటా" అంది. "నువ్వు సూసుకో."

కొడుకు పాదం మీది చెయ్యి తీసేసి, అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాలు కాలేదు, కొడుకు కంటే గట్టిగా గురక పెట్టింది.